ఎగబాకే ఫెర్న్: ఒకచోట రక్షణ, మరోచోట నిర్మూలన ఎందుకు?

క్లుప్తంగా: లైగోడియం ప్రజాతికి చెందిన ఫెర్న్‌లు తీగల్లా చెట్ల మీదికి పాకుతాయి. అమెరికా తూర్పు భాగంలో సహజంగా పెరిగే లైగోడియం పామేటంను కొన్ని రాష్ట్రాలు అరుదైన మొక్కగా కాపాడుతున్నాయి. అదే ప్రజాతికి చెందిన, బయటి దేశాల నుంచి వెళ్లిన రెండు జాతులను పక్క రాష్ట్రాలే పెద్ద ఖర్చుతో పీకేస్తున్నాయి. తూర్పు కనుమల్లో కనిపించే లైగోడియం ఫ్లెక్సువోసం కూడా అమెరికా నిషేధ జాబితాలో ఉంది. వీటన్నిటిలో ఎగబాకే తీరు ఒకటే. తేడా అంతా నేల, చలి, పునరుత్పత్తి, తినే పురుగుల దగ్గర ఉంది.

అమెరికా తూర్పు, ఆగ్నేయ రాష్ట్రాల్లో ‘క్లైంబింగ్ ఫెర్న్’ అనే పేరు రెండు రకాల జాబితాల్లో కనబడుతుంది. ఒకటి ముట్టుకోకూడని అరుదైన మొక్కల జాబితా. రెండోది కంటబడితే తొలగించాల్సిన కలుపు జాబితా. జార్జియాలోనో, నార్త్ కరోలినాలోనో ఇల్లు కొనుక్కుని పెరటి అంచున ఈ తీగను చూసిన తెలుగువాళ్లకు ఏ జాబితాను నమ్మాలో తెలియకపోతే అందులో వింత లేదు. రెండు జాబితాలూ సరైనవే. ఒకే పేరు కింద వేర్వేరు జాతులు కలిసిపోవడంతోనే చిక్కంతా వచ్చింది.

తీగలా కనిపించే ఆకు

లైగోడియేసీ కుటుంబంలో ఇప్పుడు బతికి ఉన్న ప్రజాతి లైగోడియం ఒక్కటే. అందులో దాదాపు 40 జాతులున్నాయి. ఎక్కువ భాగం ఉష్ణమండల అడవులవే. వీటిని చూసిన ఎవరైనా పొడవాటి కాండం చెట్టుకు చుట్టుకుందనీ, దానికి అటూ ఇటూ ఆకులున్నాయనీ అనుకుంటారు. నిజానికి అక్కడ కాండం లేదు. అసలు కాండం పసుపు కొమ్ములా మట్టిలోనే అడ్డంగా పాకుతూ ఉంటుంది. దాని నుంచి పైకి లేచి చెట్టెక్కేదంతా, మొదలు నుంచి చివరి దాకా, ఒకే ఆకు. మనం కాండమనుకునేది ఆ ఆకు నడి ఈనె. ఆకులనుకునేవి దాని పత్రకాలు.

మామూలు ఫెర్న్ ఆకు చుట్ట చుట్టుకుని పుట్టి, విప్పుకుని, ఒక పరిమాణానికి వచ్చి ఆగిపోతుంది. లైగోడియం ఆకులో కొస మాత్రం విప్పుకోవడం పూర్తి చేయదు. అక్కడి కణాలు విభజన చెందుతూనే ఉంటాయి, కొస గాలిలో వలయాలు తిరుగుతూ ఆసరా వెతుక్కుంటుంది, పుల్ల తగలగానే దాన్ని చుట్టేసుకుంటుంది. దోస తీగకున్న నులితీగలు దీనికి లేవు, తమలపాకు తీగలా కణుపు వేళ్లతో పట్టుకోదు. ఈనె మెలితిరగడమే దాని బలమంతా. లైగోడియం మైక్రోఫిల్లంలో ఈ ఒక్క ఆకు 30 మీటర్ల దాకా సాగగలదు. మొక్కల ప్రపంచంలో అతి పొడవైన ఆకుల్లో ఇదొకటి.

పాకే ఫెర్న్‌లు వేరే కుటుంబాల్లోనూ ఉన్నాయి. స్టెనోక్లీనా పాలుస్ట్రిస్ లాంటి వాటిలో కాండమే చెట్టెక్కుతుంది, ఆకులు దాని నుంచి మామూలుగా పుడతాయి. ఆకే తీగగా మారడం లైగోడియంలో కనిపించే అరుదైన లక్షణం.

ఇక్కడ దగ్గరగా చూడాల్సిన భాగం ఒకటుంది. నడి ఈనె నుంచి పక్కకు వచ్చే ప్రతి పొట్టి కొమ్మా రెండు పత్రకాలుగా చీలుతుంది. ఆ చీలిక మధ్య నూగు కప్పుకుని చిన్న మొగ్గ నిద్రాణంగా ఉంటుంది. మామూలుగా అది కదలదు. కొసను పురుగు తిన్నా, మంచు కాల్చినా, కొడవలి తెంచినా అప్పుడు లేస్తుంది. ఒక కొస పోతే దాని పనిని అందుకోవడానికి ఈనె పొడవునా ఇలాంటి మొగ్గలుంటాయి. అందుకే పైపైన నరకడం ఈ మొక్క మీద పనిచేయదు.

సిద్ధబీజాలు పైకొసనే ఎందుకు

ఫెర్న్‌కు పూలు, విత్తనాలు ఉండవు. సిద్ధబీజాలు (స్పోర్లు) అనే పొడి లాంటి రేణువులతోనే వ్యాపిస్తుంది. లైగోడియం ఫలవంతమైన పత్రకాల అంచున సన్నని వేళ్ల లాంటి తమ్మెలు వరుసగా పొడుచుకొస్తాయి. భూతద్దంతో చూస్తే ఒక్కో తమ్మె మీద రెండు వరుసల సిద్ధబీజాశయాలు, ఒక్కోదాన్నీ కప్పుతూ పొలుసు లాంటి పొర కనబడతాయి. ఆశయం కొసన గట్టి కణాల వలయం ఉంటుంది. అది ఎండి ముడుచుకున్నప్పుడు ఆశయం నిలువుగా పగిలి సిద్ధబీజాలు గాలిలోకి ఎగిరిపోతాయి.

చాలా జాతుల్లో నేలకు దగ్గరగా ఉన్న పత్రకాలు వంధ్యమైనవి (సిద్ధబీజాలు ఇవ్వనివి), ఎండలోకి చేరిన పై పత్రకాలు ఫలవంతమైనవి. ఎగబాకడం వల్ల వచ్చే అసలు లాభం ఇదే. కింది నీడలో పుట్టిన మొక్క, సొంతంగా మాను కట్టే ఖర్చు లేకుండా, సిద్ధబీజాలను గాలి తగిలే ఎత్తుకు చేరుస్తోంది. అయితే దీనికి పక్కనే ఆసరా కావాలి, పైన కొంత వెలుతురు కావాలి. పూర్తిగా మూసుకుపోయిన అడవి గానీ, చెట్టు లేని బయలు గానీ దీనికి సరిపడవు. అందుకే అడవి అంచులు, వాగు ఒడ్లు, దారి పక్క పొదల్లో ఇది తరచుగా కనబడుతుంది.

ఉత్తర అమెరికా సొంత జాతి

సుమారు 5.6 కోట్ల నుంచి 3.4 కోట్ల సంవత్సరాల కిందటి ఇయోసీన్ యుగంలో భూమి ఇప్పటికన్నా వెచ్చగా ఉండేది. ఆ కాలపు లైగోడియం శిలాజాలు ఉత్తర అమెరికాలోనూ ఐరోపాలోనూ దొరికాయి. తర్వాత వాతావరణం చల్లబడి ఈ ప్రజాతి ఉష్ణమండలానికి పరిమితమైంది. లైగోడియం పామేటం ఒక మినహాయింపు. న్యూ ఇంగ్లాండ్ నుంచి అపలేచియన్ కొండల వెంబడి దక్షిణాన జార్జియా, అలబామా దాకా విస్తరించిన ఈ జాతి, మంచు కురిసే చలికాలాన్ని తట్టుకుంటుంది.

దీని పత్రకాన్ని ఒకసారి చూస్తే మళ్లీ పొరబడరు. చిన్నపిల్లల అరచేయంత కూడా ఉండదు, మూడు నుంచి ఏడు గుండ్రటి తమ్మెలుగా చేతి వేళ్లలా చీలి ఉంటుంది. తీగ సాధారణంగా ఒకటి నుంచి మూడు మీటర్లు పెరుగుతుంది. ఫలవంతమైన పై భాగం బాగా సన్నగా చీలి, శీతాకాలం రాగానే ఎండిపోతుంది. కింది వంధ్య పత్రకాలు మాత్రం మంచులోనూ పచ్చగానే ఉంటాయి. నేల లోపల కాండం సన్నగా, నల్లగా, పైపొరకు దగ్గరగా పాకుతుంది.

ఈ జాతి అరుదు కావడానికి మూలం దాని నేల ఎంపికలో ఉంది. బాగా ఆమ్లగుణం ఉండి, పోషకాలు తక్కువగా ఉండి, ఏడాది పొడవునా తేమ ఆరని ఇసుక నేల లేదా పీట్ నేల (సగం కుళ్లిన మొక్కల అవశేషాలతో ఏర్పడిన నేల) దానికి కావాలి. చిత్తడి అంచులు, పైన్–ఓక్ అడవుల్లోని తడి పల్లాలు, ఇసుకరాతి కొండల వాగులు ఇలాంటి చోట్లు. సున్నం ఉన్న నేలలో ఇది నిలవదు. తోటమాలులు దీన్ని తెచ్చి పెరట్లో నాటినప్పుడు చాలాసార్లు చనిపోవడానికి కారణం నీరో ఎరువో తక్కువై కాదు. బలమైన నేల దానికి పడదు.

అందుకే దీని పటం అతుకులు అతుకులుగా ఉంటుంది. కెంటకీ, టెనెసీల కంబర్లాండ్ పీఠభూమి ఇసుకరాయి నేలలో రోడ్ల పక్కన, కరెంటు తీగల కింద కొట్టేసిన బాటల్లో సైతం గుబురుగా కనబడుతుంది. న్యూయార్క్, మిషిగన్ రాష్ట్రాలు దాన్ని అంతరించే ముప్పున్న మొక్కగా గుర్తించాయి. మసాచుసెట్స్ ప్రత్యేక శ్రద్ధ అవసరమైన జాతిగా జాబితాలో ఉంచింది. మొత్తం మీద జాతి అంతరించే అంచున లేదు, పరిధి అంచుల్లో మాత్రం పలచబడింది. ఈ రెండింటినీ కలిపేసి ‘అంతరిస్తున్న ఫెర్న్’ అని రాయడం సరికాదు.

అంచుల్లో తగ్గడానికి ఒక్క కారణం చెప్పలేం. చిత్తళ్లను ఎండగట్టడం, ఇళ్ల నిర్మాణం కొంత. అడవి మళ్లీ దట్టమై పై కొమ్మలు మూసుకుపోవడం మరికొంత. ఈ రెండోది పట్టించుకోదగిన విషయం. కంచె వేసి వదిలేస్తే చాలనుకున్న చోట కూడా, వెలుతురు తగ్గిపోయి ఈ ఫెర్న్ క్షీణించవచ్చు.

1869 నాటి చట్టం

ఈ మొక్కకు ‘హార్ట్‌ఫర్డ్ ఫెర్న్’ అనే పేరు కనెక్టికట్ రాష్ట్ర రాజధాని నుంచి వచ్చింది. 19వ శతాబ్దంలో ఆ ఊరి చుట్టుపక్కల ఇది సమృద్ధిగా పెరిగేది. చలికాలంలోనూ పచ్చగా ఉండే సన్నని తీగ కాబట్టి క్రిస్మస్ అలంకరణలకు, పటాల చట్రాల చుట్టూ అల్లడానికి గిరాకీ పెరిగింది. కోసుకొచ్చి వీధుల్లో అమ్మేవాళ్లు తయారయ్యారు. నిల్వలు వేగంగా తరిగిపోవడంతో 1869లో కనెక్టికట్ శాసనసభ దీన్ని కోయకుండా చట్టం చేసింది. అమెరికాలో ఒక అడవి మొక్కను కాపాడటానికి వచ్చిన తొలి చట్టంగా దీన్ని చెబుతారు.

నాలుగు ఆకులు కోస్తే మొక్క చస్తుందా అనే ప్రశ్న సహజం. ఆకు నిర్మాణంలోనే జవాబుంది. తీగ మొత్తం ఒకే ఆకు కాబట్టి మొదలు దగ్గర తెంపితే ఆ కొమ్ముకు ఆహారం తయారుచేసే భాగమూ పోతుంది, ఆ ఏటి సిద్ధబీజాలూ పోతాయి. పట్టుకుని లాగితే పైపొరలోనే ఉన్న సన్నని కాండం కూడా ఊడి వస్తుంది. అలంకరణకు ఎంచుకునేది ఎప్పుడూ పొడవైన, ముదిరిన తీగలనే కావడంతో నష్టం సిద్ధబీజాలిచ్చే మొక్కల మీదే పడింది. ఫెర్న్‌ను కాపాడాలంటే దాన్ని పెరికే చేతిని ఆపడం మొదటి మెట్టు అని 150 ఏళ్ల కిందటే ఒక శాసనసభ గుర్తించడం చిన్న సంగతి కాదు.

ఫ్లోరిడాలో తిరగబడిన కథ

అదే ఆకు నిర్మాణం ఫ్లోరిడాలో వేరే ఫలితం ఇచ్చింది. ఆఫ్రికా, దక్షిణాసియా, ఆగ్నేయాసియా, ఉత్తర ఆస్ట్రేలియాల తేమ ప్రాంతాలకు చెందిన లైగోడియం మైక్రోఫిల్లం అలంకరణ మొక్కగా ఫ్లోరిడా చేరింది. 1960ల నాటికి ఆగ్నేయ తీరంలోని మార్టిన్ కౌంటీలో అడవిలోకి పాకినట్టు గమనించారు. తర్వాత ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల వైపు, సైప్రస్ చెట్ల చిత్తళ్లలోకి, లాక్సాహాచీ వన్యప్రాణి ఆశ్రయంలోని చెట్ల దిబ్బల మీదికి విస్తరించింది.

పాత ఆకులు ఎండిపోయినా రాలకుండా తీగ మీదే వేలాడతాయి. వాటి మీదుగా కొత్తవి పాకుతాయి. అలా నేల మీద మోకాలి ఎత్తున మెత్త పరుచుకుంటుంది, చెట్ల మీద తెరలు కడుతుంది. కింద మొలకలకు వెలుతురు అందదు, బరువుకు చెట్లు ఒరిగిపోతాయి. అన్నిటికన్నా పెద్ద మార్పు మంటల తీరులో వచ్చింది. ఫ్లోరిడా పైన్ అడవుల్లో నేలబారు మంటలు సహజం, నీళ్లు నిలిచిన సైప్రస్ చిత్తడి దగ్గరికి రాగానే అవి ఆరిపోయేవి. ఇప్పుడు ఎండిన ఫెర్న్ తెరలు మంటను నీటి మీదుగా దాటించి, మాను వెంట కొమ్మల దాకా ఎక్కిస్తున్నాయి. మండుతున్న ఆకు ముక్కలు గాలికి ఎగిరి దూరంగా పడి కొత్త మంటలు రేపుతున్నాయి. అంతవరకు మంటకు అడ్డుకట్టగా ఉన్న చిత్తడి అడవే మంటకు దారిగా మారింది.

ఇంత వేగంగా విస్తరించడానికి పునరుత్పత్తి తీరు ప్రధాన కారణం. సిద్ధబీజం మొలిచి గోరంత పచ్చని సంయోగబీజదం ఏర్పడుతుంది. దాని మీదే పురుష, స్త్రీ బీజాంగాలు పుడతాయి. కొన్ని ఫెర్న్‌లలో తనతో తాను ఫలదీకరణ చెందిన సంయోగబీజదం నుంచి మొక్క సరిగా రాదు, పక్కన మరొకటి ఉండాలి. మైక్రోఫిల్లంకు ఆ ఇబ్బంది దాదాపు లేదు. గాలికి కొట్టుకుపోయిన ఒక్క సిద్ధబీజం, ఎవరూ అడుగుపెట్టని దిబ్బ మీద పడినా, ఒంటరిగానే కొత్త గుంపుకు తల్లి కాగలదు. హెలికాప్టర్లో ఎగిరితే తప్ప కనబడని చోట్ల ఈ ఫెర్న్ పుట్టుకొచ్చిందంటే కారణం ఇదే.

రెండో వలస జాతి లైగోడియం జపానికం. తూర్పు ఆసియా నుంచి భారతదేశం దాకా దీని సొంత ప్రాంతం. చలికి దాని ఆకులు ఎండినా మట్టిలోని కాండం బతికి, వసంతంలో మళ్లీ లేస్తుంది. అందువల్ల అది ఫ్లోరిడా ఉత్తర భాగం, జార్జియా, అలబామా, టెక్సస్ వైపు పాకింది. చైనా సంప్రదాయ వైద్యంలో దీని సిద్ధబీజాలను మందుగా వాడతారు. పుట్టిన చోట మందు మొక్కగా, వెళ్లిన చోట కలుపుగా ఉండటం ఈ ప్రజాతికి కొత్త కాదు. ఇండోనేషియాలోని బాలిలో ఇదే ప్రజాతికి చెందిన లైగోడియం సర్సినేటం గట్టి ఈనెలతో బుట్టలు, సంచులు అల్లుతారు.

పుట్టింట్లో అదుపు చేసేవి ఏవి?

ఆస్ట్రేలియాలోనూ ఆగ్నేయాసియాలోనూ మైక్రోఫిల్లం ఉంటుంది, కానీ అడవిని మింగేయదు. అక్కడ దాని లేత ఆకులను తినే చిమ్మెటల గొంగళి పురుగులు ఉన్నాయి. ఫ్లొరాకారస్ పెర్రెపే అనే కంటికి ఆనని నల్లి లేత పత్రకాల అంచులను చుట్టలా ముడుస్తుంది, ముడుచుకున్న భాగం వాడిపోతుంది. ఇవేవీ మొక్కను చంపవు. కొస కొసనా కొద్దికొద్దిగా దెబ్బ తీస్తూ, నిద్రాణ మొగ్గలను పదే పదే ఖర్చు పెట్టిస్తాయి. పొడవు పెరగాల్సిన శక్తి మరమ్మతుకు పోతుంది. ఫ్లోరిడాకు మొక్క చేరింది, ఈ పురుగులు చేరలేదు.

అందుకే అక్కడి పరిశోధకులు వాటి కోసం సొంత ప్రాంతాల్లో గాలించారు. వేరే మొక్కలను తినవని పరీక్షించాక నియోముసోటిమా కాన్‌స్పర్‌కటాలిస్ అనే గోధుమ రంగు చిమ్మెటను, ఆ నల్లిని 2008లో ఫ్లోరిడాలో వదిలారు. చిమ్మెట బాగా స్థిరపడి చోటుచోటునా తీగలను గోధుమ రంగుకు తెచ్చింది. నల్లి అంత తేలిగ్గా కుదురుకోలేదు. పురుగులు ఒక్కటే సమస్యను తీర్చలేదు గానీ, మందు కొట్టడానికి మనుషులు చేరలేని చోట్ల పెరుగుదలను నెమ్మదింపజేస్తున్నాయి.

చేతికందే చోట పద్ధతి వేరు. చెట్టెక్కిన తీగను నడుము ఎత్తున చుట్టూ కోసి, పైభాగాన్ని అలాగే వేలాడనిస్తారు. అది ఆకు కొసభాగమే కాబట్టి మొదలు తెగాక ఎండిపోతుంది. కింద మిగిలిన మోడు మీద మాత్రం కలుపు మందు చల్లుతారు, మందు మట్టిలోని కాండానికి దిగుతుంది. పైది లాగి కింద పడేస్తే సిద్ధబీజాలు మరింతగా చెల్లాచెదరవుతాయి. పనివాళ్ల బట్టలు, బూట్లు, యంత్రాల మీద అవి వేరే చోటికి ప్రయాణిస్తాయి కాబట్టి దులుపుకుని కడుక్కోవడం కూడా ఈ పనిలో భాగమే.

తూర్పు కనుమల్లో

మన వైపు తీగ ఫెర్న్ అంటే ముఖ్యంగా లైగోడియం ఫ్లెక్సువోసం. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీన్ని వేరే ప్రజాతిలో పెట్టి పేరు పెట్టాడు, తర్వాత లైగోడియంలోకి మారింది. భారతదేశమంతటా తేమ అడవుల్లో, తూర్పు కనుమల ఏజెన్సీ కొండల్లో ఇది సహజంగా పెరుగుతుంది. తొలకరి తర్వాత వాగు ఒడ్డు పొదల మీద సన్నటి పచ్చ తీగగా లేస్తుంది. పత్రకాలు పొడవుగా, సన్నగా, రంపపు పళ్ల అంచుతో ఉంటాయి. వానలు వెనకబట్టాక ఆకులు ఎండినా మట్టిలోని కాండం మరుసటి వానల దాకా నిలుస్తుంది.

ఇక్కడ ఇది అడవిని కప్పేయకపోవడానికి నెలల తరబడి సాగే ఎండాకాలం, పశువుల మేత, ఆకు తినే పురుగులు అన్నీ కలిసి పనిచేస్తాయని చెప్పడమే సబబు. అదే మొక్క ఏడాదంతా వెచ్చగా, తడిగా, శత్రువుల్లేకుండా ఉండే చోటికి చేరితే ఏమవుతుందో మైక్రోఫిల్లం చూపించింది. ఆ అనుభవంతోనే అమెరికా ప్రభుత్వం మైక్రోఫిల్లంతో పాటు ఫ్లెక్సువోసంను కూడా సమాఖ్య కలుపు జాబితాలో చేర్చింది. ఇక్కడి నుంచి అనుమతి లేకుండా మొక్కగా తీసుకెళ్లడం అక్కడ నేరం. ఇది మన ఫెర్న్ మీద వివక్ష కాదు. మధ్య, దక్షిణ అమెరికాల నుంచి వచ్చిన లంటానా మన అడవుల్లో చేసిన నష్టాన్ని చూసినవాళ్లకు ఈ జాగ్రత్త అర్థమవుతుంది.

గుర్తుపట్టడం, ముందున్న మార్పులు

నాలుగు జాతులనూ పత్రకంతోనే విడదీయవచ్చు. చేతి వేళ్లలా చీలి ఉంటే అమెరికా స్థానిక పామేటం. ఈకలా సన్నగా చీలి, అడుగున నూగు ఉంటే జపానికం. చీలిక లేని చిన్న పత్రకాలు వరుసగా ఉండి, రాలినప్పుడు కాడ కొసన చిన్న బుడిపె మిగిలితే మైక్రోఫిల్లం. పత్రకాలు పొడవుగా ఉండి, రాలే కీలు లేకపోతే ఫ్లెక్సువోసం. కింది పత్రకాలు కొన్ని జాతుల్లో చేతి ఆకారంలోనే ఉంటాయి కాబట్టి తీగ మొదట్లో కాక మధ్య భాగంలో చూడాలి.

మైక్రోఫిల్లం ఉత్తరానికి పాకడాన్ని ఎక్కువగా అడ్డుకున్నది ఫ్లోరిడా మధ్య భాగంలో పడే మంచు. గడ్డకట్టే రాత్రులు తగ్గే కొద్దీ ఆ గీత పైకి జరుగుతుంది. జపానికం ఇప్పటికే పామేటం పెరిగే దక్షిణ రాష్ట్రాల్లో ఉంది. రెండూ ఒకే చిత్తడి అంచున ఎదురుపడినప్పుడు ముప్పు రెండు వైపుల నుంచి వస్తుంది. వలస తీగ కప్పేయడం ఒకటి, కలుపు తీసే బృందం రెండింటినీ ఒకటిగా పీకేయడం మరొకటి. మొదటిదానికి ఏళ్లు పడుతుంది. రెండోది ఒక్క మధ్యాహ్నం పని. కాబట్టి ఆ ప్రాంతాల్లో మందు డబ్బా చేతికి తీసుకునే ముందే పత్రకం ఫొటో తీసి కౌంటీ ఎక్స్‌టెన్షన్ కార్యాలయానికి (స్థానికంగా సాగు సలహాలిచ్చే కార్యాలయం) చూపించడం మేలు.